నప్358: కేంద్రకం గడపలో కూర్చున్న ప్రోటీన్‌కి గ్లూకోజ్‌తో ఏం పని?

విభాగం: జీవశాస్త్రం, సెమినార్ సాయం

తుంగభద్ర_గట్టు · శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. కర్నూల్లో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సోమవారం పొద్దున పదకొండుకి నా సెమినార్. టాపిక్ నప్358, దీని ఇంకో పేరు రాన్‌బీపీ2. మేడమ్ ఇచ్చిన శీర్షిక "రవాణాలో, జీవక్రియలో దీని పాత్ర".

రవాణా సగం ఎట్లో అట్ల అర్థమైంది. కేంద్రకం పొరకి రంధ్రాలుంటాయి, ఆ రంధ్రం అంచున బయటివైపు వేలాడే పోగులు ఈ ప్రోటీన్‌వి, లోపలికీ బయటికీ పోయే సరుకుకి ఇది సాయం చేస్తుంది. ఇంతవరకు సరే. జీవక్రియ దగ్గరే బండి ఆగిపోయింది. గడపలో కూర్చునేదానికి వంటింట్లో గ్లూకోజ్‌తో ఏం పని? రెండూ రెండు ముక్కలుగా చెప్పేస్తే మేడమ్ ఊరుకోరు, "కలిపి చెప్పు" అంటారు. పేపర్లు చదివినాను. వాక్యాలు అర్థమవుతాయి, కథ అర్థం కాదు.

హాస్టల్లో నెట్ పదింటికి పోతుంది. రేపు పొద్దున చూస్తాను.

బెలుం_గుహ · శుక్రవారం రాత్రి 9:20

358 అంటే 358వదిగా కనిపెట్టినారా అక్కా? ముందు ఇంకో 357 ఉన్నాయా? నీకు ఒక్కటే ఇచ్చినారంటే మేడమ్ మంచోళ్లే.

ల్యాబ్_ఎలుక · శుక్రవారం రాత్రి 9:41

వరస నంబరు కాదు నాయనా, బరువు. 358 కిలోడాల్టన్లు (అణువుల బరువు కొలత). నప్62, నప్98, నప్153 అన్నీ అదే లెక్క. రంధ్రంలో ఉండే రకాలు మొత్తం కలిపి ముప్పై దాకానే. కాకపోతే రంధ్రం ఎనిమిది రేకుల పువ్వులా ఉంటుంది కాబట్టి ఒక్కో రకం ఎనిమిదో, పదహారో, ముప్పై రెండో ఉంటాయి. మనిషి కణంలో ఒక్కో రంధ్రానికి సుమారు వెయ్యి ప్రోటీన్ అణువులు, మొత్తం తూకం 120 మెగాడాల్టన్ల దగ్గర.

గట్టు గారూ, ఇది మొదటి స్లైడ్‌లో పెట్టండి. 2022లో వచ్చిన నిర్మాణాల ప్రకారం నప్358 ఒక్కో రేకుకి ఐదు, అంటే రంధ్రానికి 40. నలభై ఇంటూ 358 వేయండి, 14,320 కిలోడాల్టన్లు. రంధ్రం తూకంలో ఎనిమిదో వంతు దాకా ఈ ఒక్క ప్రోటీనే మోస్తోంది. మేడమ్ కుర్చీలో సర్దుకొని కూర్చుంటారు.

జీవక్రియ సంగతి రేపు రాస్తా. జెల్ ఒకటి నడుస్తాంది.

పాత_జువాలజీ · శుక్రవారం రాత్రి 10:35

అమ్మాయీ, అనంతపురంలో డిగ్రీ పిల్లలకి ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ని. మా తెలుగు మీడియం పాఠంలో ఈ సంగతికి ఒకే ఒక్క వాక్యం: కేంద్రక త్వచంలో రంధ్రాలు ఉంటాయి, వాటి ద్వారా పదార్థాల రాకపోకలు జరుగుతాయి. రెండు మార్కులకి అది చాలు. 1950లో కాలన్, టామ్లిన్ అనే ఇద్దరు ఉభయచరాల అండకణం నుంచి కేంద్రకం పొర తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి ఆ చిల్లులు చూసినారు. చాలాకాలం అవి చిల్లులే. నేనూ చిల్లులనే చెప్పినాను, పిల్లలూ చిల్లులనే రాసినారు, నేనే మార్కులు వేసినాను. ఆ పాపం ఇప్పుడు కడుక్కుంటాను, కాస్త పొడుగైనా ఓపిక పట్టు.

చిన్నవాటికి అడ్డే లేదు. నీళ్లు, అయాన్లు, గ్లూకోజ్, ఏటీపీ ఎవర్నీ అడక్కుండా అటూ ఇటూ తిరుగుతాయి. 40 కిలోడాల్టన్ల దగ్గరికొచ్చేసరికి దారి బిగుసుకుంటుంది. రంధ్రం నడిమిట్లో ఫినైలాలనిన్, గ్లైసిన్ జంటలు పదే పదే వచ్చే ప్రోటీన్ పోగులు కంపచెట్ల పొదలాగా అల్లుకొని ఉంటాయి. కంపలో మనం దూరితే పంచె చిరుగుతుంది, మేక దూరితే ఏమీ కాదు. ఆ మేకే ఇంపోర్టిన్. పోగులతో తాకుతూ, వదులుతూ జారిపోతుంది. సరుకు దాని మీదెక్కి పోతుంది. ఏ సరుకు ఎక్కాలో చెప్పేది సరుకు మీదుండే చీటీ, లైసిన్లు ఎక్కువగా ఉండే చిన్న వరస. ఎస్‌వీ40 వైరస్ ప్రోటీన్‌లో ఆ చీటీ ఏడే ఏడు అమైనో ఆమ్లాలు.

ఇట్ల ఒక్కో రంధ్రంలో సెకనుకి వెయ్యి దాకా రాకపోకలు. ఇక్కడ నువ్వు గట్టిగా పట్టుకోవాల్సిన మాట ఒకటి ఉంది. పొదలో దూరడానికి ఖర్చు లేదు. లోపలికే పోవాలి, వెనక్కి రాకూడదు అన్నప్పుడే ఖర్చు. ఆ ఖర్చు ఎవరు పెడతారో తెలిస్తే నీ రెండు ముక్కలూ కలుస్తాయి.

కళ్లు మూతలు పడుతున్నాయి. మిగతాది రేపు.

కేసీ_కాలువ · శనివారం పొద్దున 6:05

సార్ వదిలిన చోట నేను అందుకుంటా. నేను ఇరిగేషన్ వాణ్ని, ఇంటర్ ఎంపీసీ. మా పాప నీట్‌కి చదివేటప్పుడు పక్కన కూర్చొని వినివిని ఇంత నేర్చినా, తప్పుంటే దిద్దండి.

సుంకేసుల దగ్గర కాలువ తలుపు ఎత్తినామనుకోండి. నీళ్లను తోసేది తలుపా? కాదు. ఎగువ మట్టం ఎక్కువ, దిగువ మట్టం తక్కువ. ఆ తేడాని మేం హెడ్ అంటాం. హెడ్ ఉన్నంతసేపే పారకం. దిగువన నీళ్లు నిలబడిపోతే తలుపు ఎంత ఎత్తినా చుక్క కదలదు. రైతు వచ్చి లస్కర్‌ని తిడతాడు, లస్కర్ ఏం చేస్తాడు పాపం.

ఈడ నీళ్లంటే రాన్-జీటీపీ. రాన్ అనే చిన్న ప్రోటీన్‌కి జీటీపీ (ఏటీపీ లాంటి శక్తి అణువు) తగిలించే ఆర్‌సీసీ1 అనే ప్రోటీన్ లోపల డీఎన్‌ఏ ఉండే క్రోమాటిన్‌ని పట్టుకొని ఉండాది. కాబట్టి కేంద్రకంలో మట్టం ఎక్కువ. ఆ జీటీపీని విరగ్గొట్టి జీడీపీగా మార్చేదాన్ని రాన్‌గ్యాప్ అంటారు, అది బయట ఉండాది. కాబట్టి బయట మట్టం తక్కువ. ఆ రాన్‌గ్యాప్‌ని గడపలోనే గుంజకి కట్టేసినట్టు పెట్టుకున్నది మీ నప్358. దిగువన నీళ్లు నిలవకుండా తోడేసే మోటారు అది.

ల్యాబ్_ఎలుక · శనివారం పొద్దున 8:50

కాలువన్నా, మోటారు మాట అద్భుతం. కానీ పోలిక ఒకచోట జారుతుంది. కాలువలో నీళ్లే సరుకు, అటు నుంచి ఇటే పోతాయి. ఇక్కడ అదే మట్టం తేడాతో ఒక సరుకు లోపలికీ ఇంకొకటి బయటికీ పోవాలి. ఇంపోర్టిన్‌కి రాన్-జీటీపీ తగిలితే సరుకు వదిలేస్తుంది. బయటికి మోసే ఎక్స్‌పోర్టిన్‌కి రాన్-జీటీపీ తగిలితేనే సరుకు పట్టుకుంటుంది.

కేసీ_కాలువ · శనివారం పొద్దున 9:02

అయితే కాలువ వద్దు, ఉల్లిగడ్డల మార్కెట్ యార్డు చేద్దాం. హమాలీలు యార్డు లోపలే ఉండారు. లోపలికొచ్చే బండి మీద మూటలు దించేదీ వాళ్లే, బయటికి పోయే బండికి మూటలు ఎత్తేదీ వాళ్లే. ఎత్తిన బండితోనే గేటు దాకా వస్తారు. గేటు దగ్గర కూర్చున్నాయన వాళ్ల భుజం మీది టవల్ లాక్కొని "ఇంక దిగండి" అంటాడు. వాళ్లు దిగితే బండి మీది సరుకూ దిగుతుంది. బండ్లు ఇంపోర్టిన్, ఎక్స్‌పోర్టిన్, హమాలీలు రాన్-జీటీపీ, గేటాయన నప్358, టవల్ లాక్కునే చెయ్యి రాన్‌గ్యాప్. సరిపోయిందా?

ల్యాబ్_ఎలుక · శనివారం పొద్దున 9:10

సరిపోయింది. నా థీసిస్ పరిచయంలో పెట్టుకుంటా, పేరు వేయను.

ఒకటి కలపండి. ఆ గేటాయనకి రాన్‌ని పట్టుకునే చేతులు నాలుగు, అంటే రాన్ అతికే భాగాలు నాలుగు. బయటికొచ్చిన ఎక్స్‌పోర్టిన్ నుంచి రాన్-జీటీపీని వదిలించడానికి అవి పనికొస్తాయి. రాన్‌గ్యాప్‌ని కట్టేసిన తాడు పేరు సుమో. కుస్తీ సుమో కాదు బెలుం తమ్ముడూ, ప్రోటీన్ మీద తగిలించే ఇంకో చిన్న ప్రోటీన్. సుమో తగులుతుందని మొట్టమొదట తెలిసిన ప్రోటీన్ కూడా ఈ రాన్‌గ్యాప్ ఒకటే, 1990ల నడుమ. రాన్‌గ్యాప్ చెయ్యి పడితే రాన్ తన జీటీపీని విరగ్గొట్టుకునే వేగం లక్ష రెట్లు పెరుగుతుంది.

తుంగభద్ర_గట్టు · శనివారం పొద్దున 10:15

అబ్బా, రాత్రికి రాత్రి ఇంత రాసినారా! ఉగ్గాని తింటూ చదివినాను, బజ్జీ చల్లారిపోయింది.

అర్థమైనంత రాస్తాను, చూడండి. లోపల రాన్-జీటీపీ ఎక్కువ. ఇంపోర్టిన్ లోపలికి పోయినాక రాన్-జీటీపీ తగిలి సరుకు దించుతుంది. ఎక్స్‌పోర్టిన్ సరుకుతోపాటు రాన్-జీటీపీని బయటికి తెస్తుంది. నప్358 దగ్గర రాన్‌గ్యాప్ జీటీపీని జీడీపీ చేస్తుంది. ఆ రాన్-జీడీపీని ఎన్‌టీఎఫ్2 అనే ఇంకో మోత ప్రోటీన్ బయటికి మోస్తుంది. అంతేనా?

పాత_జువాలజీ · శనివారం పొద్దున 10:40

చివరి బాణం తిరగేసినావు. రాన్-జీడీపీ అప్పటికే బయట ఉంది, ఇంకా బయటికి ఎక్కడికి పోతుంది, నంద్యాలకా? ఎన్‌టీఎఫ్2 దాన్ని లోపలికి తెస్తుంది. లోపల ఆర్‌సీసీ1 మళ్లీ జీటీపీ తగిలిస్తుంది. చక్రం తిరిగినట్టు.

ఇక రాత్రి ఆపిన మాట. ఆ విరిగిన జీటీపీని మళ్లీ తయారు చేయాలి కదా. జీడీపీకి ఫాస్ఫేట్ ఇచ్చేది ఏటీపీ. ఏటీపీ వచ్చేది మనం తిన్న అన్నం గ్లూకోజై కాలితేనే. కణానికి ఏటీపీ అందకుండా చేసిన ప్రయోగాల్లో రాన్-జీటీపీ మట్టం పడిపోయింది, రవాణా కుంటుపడింది. రంధ్రం చెడలేదు, పోగులు చెడలేదు, హమాలీలకి కూలి లేదు, అంతే. ఒక వైపు ముడి ఇది: జీవక్రియ నుంచి రవాణాకి. రవాణా ప్రోటీన్ నుంచి జీవక్రియకి పోయే రెండో ముడి ఎలుకగారు రాస్తానన్నారు. జెల్ అయిపోయి ఉంటుందిలే.

ల్యాబ్_ఎలుక · శనివారం మధ్యాహ్నం 1:30

జెల్ పాడైంది. అందుకే ఖాళీగా ఉన్నా.

గట్టు గారూ, మీరు వెతుకుతున్న పేపర్ 2006 నాటిది, అమెరికాలో ఎలుకల మీద చేసిన పని. చేసింది కంటి రెటీనా మీద పనిచేసే బృందం. అదే విశేషం, వాళ్లు గ్లూకోజ్ కోసం బయల్దేరలేదు. నప్358లో మొదటి భాగం, లూసిన్లు ఎక్కువున్న కొస, దేన్ని పట్టుకుంటుందో చూద్దామని వల వేసినారు. వలలో రెండు చేపలు పడినాయి. ఒకటి కాక్స్11, మైటోకాండ్రియాలో శ్వాసక్రియ చివరి మెట్టుకి రాగిని అందించే సాయకాడు. రెండోది హెక్సోకైనేజ్-1. గ్లూకోజ్ కణంలోకి రాగానే దాని మీద మొదటి ఫాస్ఫేట్ పెట్టేది ఇదే, అదీ మెదడులో ముఖ్యంగా. ఆ ఫాస్ఫేట్ పడకపోతే గ్లూకోజ్ పొయ్యి ఎక్కదు.

తర్వాత ఇంకో మెలిక. కాక్స్11ని హెక్సోకైనేజ్ పక్కన పెడితే హెక్సోకైనేజ్ పని అణిగిపోతోంది. నప్358 ముక్కని కూడా వేస్తే ఆ అణచివేత తగ్గుతోంది. గొంతు మీది చెయ్యి తీసినట్టు.

ఇదంతా గాజు గొట్టంలో. ఇప్పుడు ఎలుకలో. రెండు జన్యు ప్రతులూ పోతే ఎలుక పిల్ల పిండంగానే చచ్చిపోతుంది. ఒక్కటి పోతే బతుకుతుంది, ఎదుగుదల మందగిస్తుంది. మెదడు, రెటీనా లాంటి నాడీ కణజాలంలో హెక్సోకైనేజ్-1 తగ్గింది, ఏటీపీ తగ్గింది. గ్లూకోజ్‌ని ఒంట్లో కాల్చుకోవడం మందగించింది. కానీ కణాల్లోకి గ్లూకోజ్ రావడంలో లోపం లేదు, కొత్తగా గ్లూకోజ్ తయారయ్యే దారిలోనూ లోపం లేదు. ఈ చివరి వాక్యాన్ని వదలొద్దు. ఎవరో ఒకరు లేచి "అంటే షుగర్ జబ్బా?" అంటారు. కాదు. సరుకు ఇంటికొచ్చింది, పొయ్యి మీద పెట్టేవాళ్లు తక్కువైనారు.

మరి ఇది గడపలో కూర్చొని వంటింటి పని ఎట్ల చేస్తుందంటే, ఇది బయటి పోగు. కేంద్రకం వైపు కాదు, కణద్రవ్యం వైపు మొహం. హెక్సోకైనేజ్, మైటోకాండ్రియా, అన్నీ అటే ఉన్నాయి. ఇంకోటి, కణంలో సరుకు లాగే కైనెసిన్ మోటార్లు కేఐఎఫ్5బీ, కేఐఎఫ్5సీలను కూడా ఇది పట్టుకుంటుంది. ఆ పట్టు చెడగొడితే మైటోకాండ్రియాలు కణమంతా పరుచుకోకుండా కేంద్రకం చుట్టూ గుంపు కడతాయి. పొయ్యిలు ఎక్కడ పెట్టాలో చెప్పడంలో కూడా దీని మాట చెల్లుతుందన్నమాట.

రాగి_సంగటి · శనివారం మధ్యాహ్నం 2:15

కడప నుంచి. ఫార్మా వాణ్ని కాబట్టి నాకు అనుమానం ఎక్కువ. 3,224 అమైనో ఆమ్లాల ప్రోటీన్ అది. అంత పెద్దదాన్ని ముక్కలు కోసి వల వేస్తే ఏదో ఒకటి అంటుకుంటుంది. ఎలుకలో హెక్సోకైనేజ్ తగ్గిందంటే నప్358 నేరుగా చేసిందా, లేక రవాణా దెబ్బతిని ఏదో జన్యువు తక్కువ చదవబడి అట్లయిందా? రెండూ వేరు కదా. పాప సెమినార్‌లో "జీవక్రియను నియంత్రిస్తుంది" అని కుండబద్దలు కొడితే నేనైతే చెయ్యెత్తుతా.

ల్యాబ్_ఎలుక · శనివారం మధ్యాహ్నం 2:40

చెయ్యెత్తడం న్యాయమే. నేరుగా అంటుకోవడం ఒకటి, గొట్టంలో కాక్స్11 అణచివేత తగ్గడం ఒకటి, ఈ రెండూ నేరుగా అనే వైపు మొగ్గుతాయి. ఎలుకలో కనిపించినదాంట్లో రవాణా వాటా ఎంత, నేరు వాటా ఎంత అని విడదీసి తూకం వేయడం వేరే పని. "నియంత్రిస్తుంది" వద్దు, "చెయ్యి ఉంది" అనండి.

పాత_జువాలజీ · శనివారం సాయంత్రం 4:20

ఇంకో ముడి, నప్358 ఒక్కదానిది కాదు, దాని బంధువులది కూడా. 1984లో టోరెస్, హార్ట్ అనేవాళ్లు ప్రోటీన్ల మీద ఒక చక్కెర బొట్టు కనిపెట్టినారు, గ్లూకోజ్ వర్గంలో నత్రజని కలిసిన చక్కెర, దాన్ని ఓ-గ్లక్‌నాక్ అంటారు. రంధ్రంలోని ఆ కంపపోగుల మీద ఈ బొట్లు దండిగా ఉంటాయి, నప్62 మీద మరీ. ఈ బొట్టుకి కావలసిన ముడిసరుకు కణంలోకి వచ్చే గ్లూకోజ్ నుంచే పోతుంది, చిన్న పాయగా. అంటే రంధ్రం నిలువెల్లా మనం తిన్నదాని గుర్తులు మోస్తోంది.

ఇందులో నాకు నచ్చే సంగతి: గోధుమ మొలకలో ఒక లెక్టిన్ ఉంది, అది ఈ చక్కెర బొట్లను పట్టుకుంటుంది. 1987లో దాన్ని రంధ్రం మీద ప్రయోగిస్తే పెద్ద ప్రోటీన్ల రవాణా ఆగిపోయింది, చిన్న అణువులు మాత్రం ఎప్పట్లా పోయినాయి. ఒక్క గోధుమగింజ సరుకుతో "ఇది చిల్లు కాదు" అని తేలిపోయింది. మేమప్పుడు కూడా రెండు మార్కుల వాక్యమే చెప్తాండినాం.

బెలుం_గుహ · శనివారం సాయంత్రం 4:31

సార్, అయితే చపాతీ తింటే కేంద్రకం మూసుకుపోతుందా?

పాత_జువాలజీ · శనివారం సాయంత్రం 4:36

సంగటి తిను నాయనా, నీకు ఏ భయమూ ఉండదు.

ఆదోని_మామ · శనివారం రాత్రి 8:05

నేను సైన్సు వాణ్ని కాదు, పత్తి వ్యాపారం. ఈ పేరు గూగుల్లో కొడితే తెలుగులో ఈ పేజీ ఒక్కటే వచ్చింది, అందుకని రాస్తాండా, తప్పనుకోవద్దు.

మా చెల్లెలి కూతురికి నాలుగేళ్లు. పోయిన చలికాలం రెండురోజుల జ్వరం, మూడోరోజు ఫిట్స్, తెలివి లేదు. మొదట చూపించిన చోట "జ్వరం ఫిట్సే, మామూలే" అని పంపించినారు, ఆ రాత్రి ఎట్ల గడిచిందో మాకే తెలుసు. తర్వాత బెంగళూరుకి ఎత్తుకుపోతే ఎంఆర్ఐ తీసి మెదడులో రెండుపక్కలా వాపు ఉండాదన్నారు. బతికింది. నడుస్తాంది, ఎడమచెయ్యి కొంచెం బలం తక్కువ. మొన్న చూపించడానికి పోతే కాగితంలో రాన్‌బీపీ2 టెస్ట్ చేయించండి అని రాసినారు. అదేనా ఇది?

ఇంకో మాట. మా చెల్లెల్ని మా అమ్మ సొంత తమ్ముడికే ఇచ్చింది. ఊళ్లో అందరూ మేనరికం వల్లే అంటాండారు. అమ్మ అన్నం సరిగా తినదు. నా చేతులతో నేనే చేసినా అని ఒకటే ఏడుపు.

పిల్లల_డాక్టర్ · శనివారం రాత్రి 9:30

ఆదోని అన్నా, నేను కర్నూల్లో పిల్లల డాక్టర్ని. ఈ దారం చూస్తూనే ఉన్నా, మీ పోస్టు చూసి రాస్తున్నా. మీ పాపని నేను చూడలేదు, రిపోర్టు చూడలేదు, కాబట్టి పాప గురించి నిర్ణయాలన్నీ చూస్తున్న డాక్టర్లవే. జబ్బు గురించి మాత్రం చెప్తాను.

అవును, అదే పేరు. ఫ్లూ లాంటి వైరస్ జ్వరంతో మొదలై రెండుమూడు రోజుల్లో మెదడు వాచి, థాలమస్ అనే భాగం రెండుపక్కలా దెబ్బతినే జబ్బు ఒకటి ఉంది. తీవ్ర నెక్రోటైజింగ్ ఎన్సెఫలోపతీ అంటారు. 1990ల్లో జపాన్ డాక్టర్లు దీన్ని విడిగా గుర్తించినారు. చాలామంది పిల్లలకి ఇది కుటుంబంతో సంబంధం లేకుండా వస్తుంది, టెస్ట్ చేస్తే జన్యువులో ఏమీ ఉండదు. కొన్ని కుటుంబాల్లో మాత్రం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అట్లాంటి కుటుంబాల్లో 2009లో దొరికింది రాన్‌బీపీ2 జన్యువులో మార్పు. 585వ చోట త్రియోనిన్ ఉండాల్సింది, మెథియోనిన్ వచ్చింది. మూడువేల పైచిలుకు అక్షరాల్లో ఒక్కటి. సెమినార్ అమ్మాయీ, ఇది కూడా ఆ లూసిన్లు ఎక్కువున్న మొదటి కొసలోనే ఉంది, ఎలుక గారు చెప్పిన వల వేసిన చోటే. జ్వరంలో మెదడుకి శక్తి అవసరం పెరిగే వేళ ఇది తడబడుతుందా అన్న ప్రశ్న అందుకే వచ్చింది. అది ప్రశ్నగానే చెప్పు, జవాబుగా చెప్పొద్దు.

అన్నా, ఇప్పుడు మీ అమ్మగారి సంగతి. ఆమెకి ఇది చదివి వినిపించండి. మేనరికంతో పెరిగే జబ్బులు వేరే రకం. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు చెడ్డ ప్రతులు కలిస్తేనే అవి వస్తాయి. దగ్గర చుట్టాల్లో ఇద్దరి దగ్గరా ఒకే చెడ్డ ప్రతి ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి అక్కడ మేనరికం మాట నిజం. ఈ రాన్‌బీపీ2 జబ్బుకి ఒక్క ప్రతి మారితే చాలు. బయటి సంబంధం చేసినా వచ్చేదే. పాపలో ఆ మార్పు దొరికినా సరే, దానికి కారణం ఆమె తమ్ముడికి పిల్లనివ్వడం కాదు.

ఆదోని_మామ · శనివారం రాత్రి 9:52

మేడమ్, చదివి వినిపించినా. రెండుసార్లు చదవమన్నది. "డాక్టరమ్మ పేరేంది" అనింది, తెలీదన్నా.

ఒకటి అడగొచ్చా? ఒక్క ప్రతి చాలంటే అమ్మకో నాయనకో ఉండాలి కదా. వాళ్లిద్దరికీ ఎప్పుడూ ఏం రాలేదే.

పిల్లల_డాక్టర్ · శనివారం రాత్రి 10:10

మంచి ప్రశ్న. ఈ మార్పు ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు. సగానికి పైగా మనుషులు మార్పుతోనే నిండు జీవితం బతికేస్తారు. సరైన జ్వరం సరైన వయసులో తగలాలి, అప్పుడే బయటపడుతుంది. అందుకే తల్లికో తండ్రికో ఉండి తెలియకపోవచ్చు. పాపలోనే కొత్తగా వచ్చి కూడా ఉండొచ్చు.

పాపకి పాజిటివ్ వస్తే తల్లిదండ్రులకీ, తోడబుట్టినవాళ్లుంటే వాళ్లకీ పరీక్ష సంగతి జెనెటిక్ కౌన్సెలింగ్‌లో మాట్లాడండి. తల్లికో తండ్రికో మార్పు ఉంటే ఒక్కో బిడ్డకి ఆ మార్పు వచ్చే అవకాశం సగం. మార్పు ఉన్నవాళ్లకి ఈ జబ్బు ఇంకోసారి రావచ్చు. అందుకని ఏటా ఫ్లూ టీకా గురించి మీ డాక్టర్‌ని అడగండి. జ్వరం వస్తే "చూద్దాంలే" అని ఇంట్లో ఉంచుకోవద్దు, పాత ఎంఆర్ఐ కాగితాలు చేతిలో పట్టుకొని పోండి. అర్ధరాత్రి కొత్త డాక్టర్ దగ్గర ఆ కాగితమే మీకంటే బాగా మాట్లాడుతుంది. ఆస్పిరిన్ మాత్రం ఇంట్లో వేయొద్దు.

మోడరేటర్ · ఆదివారం పొద్దున 7:15

"కణశక్తి పొడి, రంధ్రాలు తెరుచుకుంటాయి, కిలో 1,800" అని రాత్రి ఒకాయన పెట్టిన పోస్టు తీసేశాను. ఆయన ఖాతా కూడా. పిల్ల జబ్బు గురించి రాసిన పోస్టు కిందే పెట్టినాడు, అందుకే హెచ్చరిక లేకుండా.

తుంగభద్ర_గట్టు · ఆదివారం మధ్యాహ్నం 12:20

ఆదోని అన్నా, పాప బాగుండాలి. నిన్న రాత్రి దాకా నాకిది ఇరవై నిమిషాల సెమినార్. ఇప్పుడు అట్ల అనిపించడం లేదు.

అనుకున్న వరస ఇది: మార్కెట్ యార్డు, గేటాయన, హమాలీల కూలి ఏటీపీ నుంచి రావడం, గేటాయనే పొయ్యి వెలిగించేవాడికి కాపలా కాయడం, ఎలుకలు, చివర 585వ చోటు. రవాణా, జీవక్రియ అని రెండు శీర్షికలు తీసేసినాను. జెల్లా, బ్రష్షా అనే గొడవ కూడా పెట్టాలా? నడిమి పోగులు ముద్దలా ఉంటాయని ఒకరు, వెంట్రుకల్లా ఊగుతాయని ఒకరు.

ల్యాబ్_ఎలుక · ఆదివారం మధ్యాహ్నం 12:45

ఆ గొడవలో దిగితే సోమవారం దిగి బుధవారం తేలుతారు. అడిగితే చెప్పండి. వైరస్ కథ ఒక్క ముక్క వేయండి, నిద్రపోయేవాళ్లు లేస్తారు: హెచ్‌ఐవీ తన గుల్లతో సహా ఈ రంధ్రంలో దూరుతుంది, ఆ గుల్ల నప్358 చివర ఉండే సైక్లోఫిలిన్ భాగాన్ని పట్టుకుంటుంది. మన గేటాయనకి దొంగలతో కూడా పరిచయం ఉంది.

తుంగభద్ర_గట్టు · సోమవారం సాయంత్రం 5:40

అయిపోయింది! నలభై ఇంటూ 358 దగ్గర మేడమ్ నిజంగానే కుర్చీలో సర్దుకున్నారు. యార్డు పోలికకి నవ్వినారు. రాగి సంగటి గారూ, మీ చెయ్యి ఎత్తింది మా సీనియర్, మీ మాటలే. "చెయ్యి ఉంది అన్నానన్నా, నియంత్రిస్తుంది అనలేదు" అన్నాను.

ఒక్కచోట దొరికిపోయినాను. మేడమ్ అడిగినారు: ఈస్ట్‌లో నప్358 లేనే లేదు కదా, మరి దానికి రవాణా ఎట్ల జరుగుతోంది? రాన్‌గ్యాప్ కణద్రవ్యంలో తేలుతూ ఉంటుంది మేడమ్ అన్నాను. సరే, మరి మనకెందుకు కట్టేయాల్సి వచ్చింది అన్నారు. నోరు పెగల్లేదు.

పాత_జువాలజీ · సోమవారం రాత్రి 7:05

మొదటి జవాబు సరైనదే. రెండోదానికి ఒక దారి: ఈస్ట్ విభజన చెందేటప్పుడు దాని కేంద్రకం పొర కరగదు. మనది కరుగుతుంది. పొర లేనప్పుడు లోపలేది, బయటేది? అప్పుడు నప్358, రాన్‌గ్యాప్ జంటగా పోయి క్రోమోజోమ్‌ల కైనెటోకోర్ల దగ్గర చేరతాయి, క్రోమోజోమ్‌లని లాగే కండె పోగుల పనిలో పడతాయి. కట్టేసి ఉంచడం వల్ల ఇద్దరూ కలిసి పోగలిగినారు. అదొక్కటే కారణమని నేననను. ఈస్ట్ కణం చిన్నది, మనది పెద్దది, మట్టం తేడాని గడపలోనే నిలబెట్టుకోవాల్సిన అవసరం మనకే ఎక్కువ అని కూడా అడగొచ్చు. మేడమ్‌కి రెండూ చెప్పి చూడు.

స్లైడ్లు పెడతానన్నావు, పెట్టు.

తుంగభద్ర_గట్టు · సోమవారం రాత్రి 8:30

పెట్టినాను సార్, కింద జత చేసినాను. 14 స్లైడ్లు.

ఆదోని_మామ · సోమవారం రాత్రి 8:48

పాప, నాకు అర్థమయ్యేది యార్డు బొమ్మ ఒక్కటే, అది బాగుంది. గురువారం రక్తం ఇచ్చేదానికి పోతాండాం. అమ్మ కూడా వస్తానంటాంది.

పాత_జువాలజీ · సోమవారం రాత్రి 9:15

ఏడో స్లైడ్‌లో ఎన్‌టీఎఫ్2 బాణం మళ్లీ బయటికే పెట్టినావు.